కరెంటు పెట్టించుకుంటే మడమ టెండన్ మానుతుందా?

ప్రశ్న: నమస్తే మేడం. నాకు 46 ఏళ్ళు. తెనాలిలో బట్టల షాపులో సేల్స్‌లో పనిచేస్తాను, రోజంతా నిలబడే ఉద్యోగం. నాలుగేళ్ళుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. అమ్మాయికి సీటు వస్తే నడిచి వస్తానని మొక్కుకుని ఈ ఫిబ్రవరిలో అలిపిరి నుంచి కొండెక్కాను. వారం తిరక్కుండానే ఎడమ మడమ వెనక, ఎముకకు రెండంగుళాల పైన నొప్పి మొదలైంది. పొద్దున మంచం దిగాక మొదటి పది అడుగులు కుంటాల్సిందే. తడిమితే అక్కడ చిన్న ఉసిరికాయలా లావుగా తగులుతోంది. ఎముకల డాక్టరు గారు స్కాన్ తీయించి, తెగలేదు, అకిలీస్ టెండినోపతి అన్నారు. కొండకు వెళ్ళే ముందు యూరిన్ ఇన్ఫెక్షన్‌కు వారం రోజులు యాంటీబయాటిక్ వాడానని చెప్పడం మర్చిపోయాను. ఫిజియోథెరపీలో పది సిట్టింగులు కరెంటు పెట్టించుకున్నాను, ఒక్కోటి 400 రూపాయలు. పెట్టిన పూట హాయిగా ఉంటుంది, రాత్రికి మళ్ళీ మామూలే. ఇప్పుడు ఇంకో 30 సిట్టింగుల ప్యాకేజీ తీసుకోమంటున్నారు. మా అబ్బాయేమో కరెంటుతో టెండన్ మానుతుందని పరిశోధనలున్నాయి, మెషీనే కొనేద్దాం అంటున్నాడు. అత్తగారు అసలు కాలు కింద పెట్టొద్దంటున్నారు. ఎవరి మాట వినను? మళ్ళీ కొండ ఎక్కగలనా?

- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను, వివరం తర్వాత. ముప్ఫై సిట్టింగుల ప్యాకేజీ తీసుకోకండి. మెషీన్ ఇప్పుడే కొనకండి. కాలు కింద పెట్టకుండా కూర్చోవడం కూడా వద్దు. కరెంటు మీ నొప్పిని కాసేపు అణుస్తుంది, అది నిజమే. కానీ టెండన్‌ను గట్టిపరిచేది బరువు. పిక్క మీద కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయే బరువు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పది సిట్టింగుల్లో ఒక్కసారైనా మిమ్మల్ని నిలబెట్టి మడమలు పైకి ఎత్తించారన్న మాట అందులో కనబడలేదు. నాకు బాధ కలిగించింది అదే.

ఎందుకంటే కొత్తలో నేనూ అలాగే చేశాను. ప్రాక్టీసు పెట్టిన రెండో ఏడు, మీలాగే రోజంతా నిలబడి పనిచేసే బస్సు కండక్టరమ్మ ఒకావిడ ఇదే నొప్పితో వచ్చేది. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, చీలమండ కింద దిండు పెట్టి, టెండన్‌కు అటూ ఇటూ నాలుగు ప్యాడ్లు అంటించి మెషీన్ ఆన్ చేసేదాన్ని. మొదట చీమలు పాకినట్టుంది అనేది. మీట ఇంకాస్త తిప్పితే జుమ్మంటోంది అనేది. ఐదు నిమిషాలకు కునుకు పట్టేది. పదిహేను నిమిషాలయ్యాక మెషీన్ కుయ్‌మంటే లేచి, నాలుగడుగులు వేసి చూసుకుని, హాయిగా ఉందమ్మా అని వెళ్ళిపోయేది. మర్నాడు అదే నొప్పితో మళ్ళీ వచ్చేది. ఇలా రెండు నెలలు గడిచాయి. ఒకరోజు కాలికి అంటిన జెల్ తుడుచుకుంటూ నా మొహంలోకి చూసి, "ఇది తగ్గుతోందా అమ్మా, మానుతోందా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని టెండన్ల గురించి మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను.

తగ్గడం వేరు, మానడం వేరు. మీ అబ్బాయి చదివింది మానడం గురించి. మీకు పది సిట్టింగుల్లో జరిగింది తగ్గడం.

మీ కాల్లో ఏం జరిగిందో చూద్దాం. మడమ వెనక తాడులా తగిలేదాన్ని మన ఇళ్ళలో నరం అంటారు. అది నరం కాదు, అకిలీస్ టెండన్. నరంలో కబురు నడుస్తుంది, టెండన్‌లో బలం నడుస్తుంది. పిక్క కండరం లాగిన లాగుడును మడమ ఎముకకు అందించేది ఇదే. ఒంట్లో ఉన్న టెండన్లన్నింటిలోకీ లావైనదీ, బలమైనదీ ఇది. మామూలు నడకలోనే దీని మీద ఒంటి బరువుకు మూడు నాలుగు రెట్ల లాగుడు పడుతుంది. పరుగులో అయితే 6 నుంచి 12 రెట్లు. లోపల కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు కొబ్బరి తాడులో పీచులా ఒకే వరసలో పేనుకుని ఉంటాయి. వాటి మధ్య కణాలు తక్కువ, అందే రక్తమూ తక్కువే. మడమ ఎముకకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైనుండే భాగానికి మరీ తక్కువ. మీరు రెండంగుళాలు అని రాసిన చోటు సరిగ్గా అదే.

షాపులో నిలబడటం మీ టెండన్‌కు అలవాటే. ఒక్క పూటలో 3,550 మెట్లు ఎక్కడం అలవాటు లేదు. ప్రతి మెట్టుకూ పిక్కే మీ ఒంటిని పైకి నెట్టింది. శక్తికి మించిన పని మీద పడ్డప్పుడు టెండన్‌లోని కణాలు నీటిని పట్టి ఉంచే పదార్థాన్ని ఎక్కువగా తయారుచేస్తాయి. పోగుల వరస చెదురుతుంది, ఆ చోటు లావెక్కుతుంది. మీ చేతికి ఉసిరికాయలా తగిలేది అదే. ఇది తెగిన గాయం కాదు, అలిసి చెదిరిన టెండన్. టెండినోపతి అంటే ఇదే. ఈ తేడా గుర్తుంచుకోండి, దీనితో ముందు పని ఉంది.

ఇక కరెంటు సంగతి. మీకు పెట్టింది బహుశా ఐఎఫ్‌టీ, అంటే ఇంటర్‌ఫెరెన్షియల్ థెరపీ. ఒక జత ప్యాడ్ల నుంచి సెకనుకు 4,000 సార్లు ఊగే కరెంటు, రెండో జత నుంచి 4,100 సార్లు ఊగే కరెంటు పంపితే, రెండూ కలిసే చోట సెకనుకు వందసార్లు పెరుగుతూ తగ్గుతూ ఉండే కరెంటు తయారవుతుంది. చర్మానికి పెద్దగా మంట తెలియకుండా లోపలికి పోవాలని 1950లలో ఆస్ట్రియాకు చెందిన హాన్స్ నెమెక్ ఈ పద్ధతి కనిపెట్టాడు. ఇంట్లో వాడుకునే చిన్న మెషీన్లలో ఎక్కువ భాగం టెన్స్ రకం. పేర్లు వేరైనా రెండూ చేసే ముఖ్యమైన పని ఒక్కటే, నొప్పి కబురుకు అడ్డం పడటం. మంచం కోడు కాలివేలికి తగిలితే గబుక్కున వంగి రుద్దుకుంటాం కదా. ఆ రుద్దుడు స్పర్శ వెన్నుపాములోకి ముందు చేరి, వెనకే వస్తున్న నొప్పి కబురుకు తలుపు సగం మూస్తుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పిన గేటు సిద్ధాంతం ఇదే. టెన్స్ మెషీన్లు వచ్చింది దాని వెనకే. తలుపు మూసినంతసేపు నొప్పి తెలియదు, తెరుచుకున్నాక తెలుస్తుంది. మీకు రాత్రికి మళ్ళీ మామూలే కావడంలో ఆశ్చర్యం లేదు. మీ కాలు మొండిది కాదు, కరెంటు పెట్టినవాళ్ళ చెయ్యి చెడ్డదీ కాదు. ఆ కరెంటు పనే అంత.

మరి మీ అబ్బాయి చదివింది అబద్ధమా? కాదు. చదివే పిల్లవాడు ఇంట్లో ఉన్నందుకు నాకు సంతోషం, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాను. అతనికి కూడా చదివి వినిపించండి.

1957లో జపాన్‌లో ఫుకాడా, యసుదా అనే ఇద్దరు ఎముకను నొక్కితే దానిలో విద్యుత్ పుడుతుందని చూపించారు. 1964లో వాళ్ళే కొలాజెన్‌లోనూ ఈ గుణం ఉందని రాశారు. మధ్యలో 1962లో అమెరికాలో బాసెట్, బెకర్ కూడా ఎముక మీద బరువు పడితే విద్యుత్ పుడుతుందని చూపించారు. అక్కడి నుంచి ఒక ఆలోచన వచ్చింది. బరువు పడితే విద్యుత్ పుడుతుంది, బరువు పడితే ఎముక గట్టిపడుతుంది, మరి విద్యుత్తే బయట నుంచి ఇస్తే? ఎముకల విషయంలో ఆ దారి కొంత ఫలించింది. ఎంతకీ అతుక్కోని విరుగుళ్ళకు విద్యుదయస్కాంత తరంగాల పరికరాలను అమెరికాలో మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1979లోనే అనుమతించింది.

ఎముకకు పనిచేస్తే టెండన్‌కు ఎందుకు పనిచేయదని 1980ల నుంచి కుక్కల మీద, కుందేళ్ళ మీద, ఎలుకల మీద ప్రయోగాలు చేశారు. వాటిలో చాలావరకు మంచి ఫలితాలే వచ్చాయి. అతుకు బలంగా పడింది, కొలాజెన్ ఎక్కువ తయారైంది. 1982లో ఎలుక చర్మం మీద చేసిన ఒక ప్రయోగంలో, ఒంటికి తెలియనంత చిన్న కరెంటు ఇస్తే కణాలకు శక్తినిచ్చే ఏటీపీ మూడు నుంచి ఐదు రెట్లు పెరిగింది. మైక్రోకరెంట్ మెషీన్లు అమ్మేవాళ్ళు తరచుగా చూపించేది ఈ ప్రయోగాన్నే. 2021లో ఐర్లాండ్‌లోని గాల్వే విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేశారు. కదిలితే తనంతట తానే విద్యుత్ పుట్టించే పలచని పొరను ఎలుకల అకిలీస్ టెండన్ దగ్గర అమర్చారు. ఎలుక నడిస్తే చాలు, బ్యాటరీ అక్కర్లేకుండా టెండన్‌కు కరెంటు అందుతుంది. నాకు ఎంతో నచ్చిన పని అది. ఏదో ఒకరోజు తెగిన టెండన్లు కుట్టించుకున్నవాళ్ళకు అలాంటిది ఉపయోగపడాలని మనసారా కోరుకుంటున్నాను.

కానీ ఆ ఎలుకకూ మీకూ మధ్య చాలా దూరం ఉంది. ఈ ప్రయోగాల్లో ఎక్కువ భాగం ఆరోగ్యంగా ఉన్న టెండన్‌ను కోసి, అది మానే తీరును చూసినవి. మీ టెండన్‌ను ఎవరూ కోయలేదు, అది నెమ్మదిగా అలిసింది. పైగా వాటిలో చాలాచోట్ల కరెంటును టెండన్ పక్కనే, ఒంటి లోపలే ఇచ్చారు. మీ కాలికి చర్మం మీద అంటించే ప్యాడ్ ద్వారా వెళ్ళే కరెంటు అదే మోతాదులో, అదే చోటికి చేరుతుందని చెప్పలేం. ఎలుకకు పనిచేసిన కరెంటు పేరు చెప్పి మనిషికి వేరే కరెంటు అమ్మడం సరైంది కాదు. మైక్రోకరెంట్ మీద మనుషుల్లో కొన్ని చిన్న అధ్యయనాలు జరిగాయి, అకిలీస్ మీద కూడా. కొన్నిటిలో మేలు కనబడింది. అయినా పదుల మందితో జరిగిన వాటిని పట్టుకుని మీ చేత వేలకు వేలు ఖర్చు పెట్టించలేను.

పెద్దగా, జాగ్రత్తగా చేసినది ఒకటి ఉంది. ఇంగ్లండ్‌లో టెన్నిస్ ఎల్బో ఉన్న 241 మందిని తీసుకుని, అందరికీ సలహా, వ్యాయామం ఇచ్చి, సగం మందికి అదనంగా ఇంట్లో వాడుకోవడానికి టెన్స్ మెషీన్ ఇచ్చారు. ఫలితం 2013లో వచ్చింది. రెండు గుంపులూ బాగుపడ్డాయి. మెషీన్ ఉన్నవాళ్ళకు అదనపు లాభం కనబడలేదు. అది మోచేతి టెండన్, మీది మడమది. కానీ జబ్బు తీరు ఒకటే, మీ అబ్బాయి కొందామంటున్నదీ బహుశా అదే రకం మెషీన్. కొనొద్దని చెప్పడానికి నాకు ఇది చాలు.

ఇంకో విషయం తెలిస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది. 1955 నుంచి 1963 వరకు జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో ఒక రకం కార్బన్ బాగా పెరిగి, తర్వాత మెల్లగా తగ్గింది. ఆ కాలంలో పెరిగినవాళ్ళ ఒంట్లో అది గుర్తులా మిగిలిపోయింది. డెన్మార్క్ పరిశోధకులు ఆ గుర్తు ఆధారంగా అకిలీస్ టెండన్ మధ్య భాగం వయసు లెక్కగట్టి 2013లో ప్రకటించారు. సుమారు 17 ఏళ్ళ వయసు వచ్చేసరికి తయారైన ఆ మధ్య భాగమే జీవితాంతం దాదాపు మారకుండా ఉంటుందట. అంటే ఈ రోజు మీ మడమలో ఉన్న తాడు మీరు ఇంటర్ చదివేనాటిది. దాన్ని విప్పి మళ్ళీ కొత్తగా పేనే మెషీన్ ఎక్కడా లేదు, నా వ్యాయామమూ ఆ పని చేయదు. చెదిరిన చోటు చుట్టూ ఉన్న మంచి పోగులనూ, పైనున్న పిక్క కండరాన్నీ బలపరిచి, మొత్తం తాడు మళ్ళీ బరువు మోసేలా చేయడమే మనం చేసేది. గారెకు మధ్యలో చిల్లున్నా చుట్టూ ఉన్న పిండే కదా గారె. మీ కాలికీ అంతే. స్కాన్‌లో ఆ మచ్చ అలాగే ఉండి, నొప్పి పూర్తిగా పోయి, హాయిగా తిరుగుతున్నవాళ్ళను నేను చాలామందిని చూశాను.

ఈ వ్యాయామం వెనక ఒక కథ ఉంది. స్వీడన్‌లో హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల సర్జన్‌కు మీలాగే అకిలీస్ నొప్పి వచ్చింది. ఆపరేషన్ చేయమని అడిగితే పైడాక్టరు ఒప్పుకోలేదు. టెండన్ తెగితేనైనా చేస్తారు కదా అని మెట్టు అంచున నిలబడి మడమను బలంగా కిందికి దించడం మొదలుపెట్టాడు, రోజూ, నొప్పి వచ్చినా ఆపకుండా. తెగలేదు సరికదా, వారాలు గడిచేసరికి నొప్పి పోయింది. తర్వాత ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న 15 మంది చేత 12 వారాలు అదే చేయించి 1998లో ప్రకటించాడు. 15 మందీ మళ్ళీ పరుగులోకి వెళ్ళారు. ఆయన పద్ధతిలో రోజుకు 180 సార్లు చేయాలి. 2015లో డెన్మార్క్‌లో దాన్ని మరో పద్ధతితో పోల్చి చూశారు, వారానికి మూడు రోజులే, కానీ నెమ్మదిగా, ఎక్కువ బరువుతో. ఏడాది తర్వాత చూస్తే రెండూ సమానంగా పనిచేశాయి. రెండో దానికి పట్టిన సమయం దాదాపు మూడో వంతే. షాపు, వంట, ఇల్లు చూసుకునే మీకు రెండోదే నయం.

ఎలా చేయాలో చెబుతాను. గోడ దగ్గర నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, రెండు మడమలూ మెల్లగా పైకెత్తండి. మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుంటూ ఎత్తాలి, మళ్ళీ మూడు లెక్కపెడుతూ దించాలి. దబ్బున దించొద్దు, దించేటప్పుడు కూడా పిక్క పనిచేయాలి. పదిహేను సార్లు, రెండు నిమిషాలు ఆగి మళ్ళీ పదిహేను, మళ్ళీ పదిహేను. తర్వాత కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మీద ఐదు కిలోల బియ్యం సంచి పెట్టుకుని అలాగే మడమలు ఎత్తండి. మోకాలు వంచి చేస్తే పిక్క లోపలి కండరం పనిచేస్తుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. ఇలా రోజు విడిచి రోజు రెండు వారాలు.

రెండు వారాలకు ఇది సులువైతే మెట్టు అంచు మీదికి వెళ్ళండి. గడప మీద వద్దు. గడప తొక్కొద్దని అత్తగారు అంటారు, నేనూ అదే అంటాను, ఎందుకంటే అక్కడ పట్టుకోవడానికి రెయిలింగ్ ఉండదు. రెయిలింగ్ పట్టుకుని రెండు కాళ్ళతో పైకి లేవండి, కుడి కాలు ఎత్తేసి ఎడమ కాలి మీదే నెమ్మదిగా దిగండి. అది కుదిరాక ఎక్కడమూ దిగడమూ ఎడమ కాలితోనే. ఆ తర్వాత అబ్బాయి పాత స్కూలు బ్యాగులో అదే బియ్యం సంచి వేసి భుజాలకు తగిలించుకోండి. బరువు పెరిగేకొద్దీ లెక్క తగ్గించవచ్చు, పదిహేను నుంచి పన్నెండు, పది, ఎనిమిది. మీ నొప్పి ఎముకకు పైన ఉంది కాబట్టి మడమను మెట్టు కంటే కిందికి దించవచ్చు. ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరికైనా నొప్పి సరిగ్గా మడమ ఎముక మీదే ఉంటే మాత్రం నేల మీదే చేయండి, కిందికి దించొద్దు.

నొప్పి వస్తుంది. వస్తే భయపడకండి. సున్నా నుంచి పది వరకు లెక్కలో ఐదు దాటనంతవరకు పర్వాలేదు. మర్నాడు పొద్దున మంచం దిగి వేసే మొదటి పది అడుగులే మీ కొలబద్ద. ముందు రోజు కంటే ఎక్కువ కుంటుతున్నారంటే నిన్నటి మోతాదు ఎక్కువైందని అర్థం, కాస్త తగ్గించండి. అలాగే ఉంటే కొనసాగించండి. వంటింట్లో క్యాలెండర్ మీద రోజూ ఆ అంకె రాసుకోండి. నెల తర్వాత చూసుకుంటే మీకే తెలుస్తుంది. మూడు నెలలకు తక్కువ పట్టదు, ఆరు నెలలు పట్టినా కంగారు పడొద్దు.

ఇక్కడే కరెంటుకు ఒక మంచి ఉపయోగం ఉంది. నొప్పి వల్ల వ్యాయామమే చేయలేకపోతుంటే, ముందు పదిహేను నిమిషాలు కరెంటు పెట్టించుకుని, ఆ హాయి ఉండగానే మడమలు ఎత్తండి. కునుకు తీసి ఇంటికి వచ్చేయకండి. కండక్టరమ్మతో చివరికి నేను చేసింది అదే. మొదటిరోజు బల్ల అంచు పట్టుకుని పళ్ళు బిగించి మడమలు ఎత్తుతుంటే ఆవిడ పిక్క వణికింది. ఎడమ పిక్క కుడిదాని కంటే సన్నబడిందని అప్పుడే నా కంటబడింది. రెండు నెలలు కరెంటు పెట్టాను కానీ ఒక్కసారి కూడా రెండు పిక్కలూ పక్కపక్కన పెట్టి చూడలేదు. మీరు ఈ రోజే అద్దం ముందు వెనక్కి తిరిగి చూసుకోండి. తేడా ఉంటే అది నెమ్మదిగా పూడాలి.

కండరాన్ని బిగించి వదిలే మరో రకం కరెంటు ఉంది. ఆపరేషన్ తర్వాతో, కట్టు విప్పాకో కండరం మాట వినని స్థితిలో ఉన్నవాళ్ళకు అది చాలా మేలు చేస్తుంది. మీకు దాని అవసరం లేదు. కొత్తగా టెండన్ కుట్టించుకున్నవాళ్ళు మాత్రం సర్జన్ చెప్పకుండా దాన్ని దగ్గరికి రానివ్వొద్దు. కండరం గట్టిగా బిగిస్తే కుట్టే తెగిపోవచ్చు.

షుగర్ ఉంది కాబట్టి ఒక జాగ్రత్త. ఏళ్ళు గడిచేకొద్దీ పాదాల్లో స్పర్శ తగ్గవచ్చు, తగ్గినట్టు మనకు తెలియదు. స్పర్శ లేని చర్మం మీద ప్యాడ్ పెడితే కాలినా తెలియదు. ప్యాడ్లు పెట్టే ముందు మీరు కళ్ళు మూసుకుని, దూదితో పాదం మీద తాకి చూడమని వాళ్ళను అడగండి. రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా ఒకసారి చేయించండి. రక్తంలో చక్కెర ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే అది కొలాజెన్ పోగులకు అంటుకుని వాటిని బిరుసెక్కిస్తుంది. మీ మడమకు షుగర్ అదుపు కూడా మందే.

యాంటీబయాటిక్ మాట మర్చిపోయానన్నారు. అది చిన్న విషయం కాదు. పాత చీటీ వెతికి, అందులో సిప్రోఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్, ఆఫ్లాక్ససిన్ లాంటి పేరు ఉందేమో చూడండి. ఈ జాతి మందులు టెండన్లను, ముఖ్యంగా అకిలీస్‌ను దెబ్బతీయగలవని, తెగే ప్రమాదం కూడా ఉందని ఎఫ్‌డీఏ 2008లో వాటి మీద గట్టి హెచ్చరిక వేయించింది. మందు ఆపేసిన కొన్ని నెలల తర్వాత కూడా ఇది జరగవచ్చు. మన దగ్గర వీటిని మందుల షాపులో అడిగి కొనుక్కుంటారు, అది నాకు చాలా ఆందోళన. పేరు దొరికితే మీ డాక్టరు గారికి చెప్పి, ఆ తర్వాతే వ్యాయామం మొదలుపెట్టండి. మెట్టు అంచుకూ బ్యాగు బరువుకూ ఎప్పుడు వెళ్ళాలో కూడా ఆయన్నే అడగండి. ఇకముందు ఏ డాక్టరు యాంటీబయాటిక్ రాసినా, నాకు మడమ టెండన్ సమస్య ఉంది అని మీరే ముందు చెప్పండి.

ఎవరైనా ఒక ఇంజెక్షన్‌తో పోతుందంటే, అది స్టెరాయిడ్ అయితే అకిలీస్‌లో వేయించుకోకండి. నొప్పి పోతుంది కానీ టెండన్ బలహీనపడి తెగే భయం ఉంది. షాక్‌వేవ్ అనే చికిత్స కూడా మీ చెవిన పడుతుంది. పేరులో షాక్ ఉన్నా అది కరెంటు కాదు, ఒత్తిడి తరంగాలు. వ్యాయామంతో కలిపి చేస్తే కొందరికి ఉపయోగపడుతుంది. మూడు నెలలు నిజంగా వ్యాయామం చేశాక కూడా తగ్గకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

ఎప్పుడైనా వెనక నుంచి ఎవరో తన్నినట్టు టప్పుమని, మునివేళ్ళ మీద లేవలేకపోతే, మంచం మీద బోర్లా పడుకుని పాదం బయటికి వేలాడేసి పిక్కను నొక్కించుకోండి. పాదం కదలకపోతే టెండన్ తెగిందని అనుమానించాలి. కదిలినా సరే, అలా జరిగితే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. పిక్క మొత్తం వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. అప్పుడు కరెంటు అసలు పెట్టించుకోకూడదు.

మెషీన్ కొనొద్దనడానికి ఇంకో కారణం చెబుతాను. ఇంట్లోకి వస్తే అది మీ ఒక్కరి దగ్గరే ఉండదు. అత్తగారు మెడకు పెట్టుకుంటారు, ఇంకొకరు నడుముకు పెట్టుకుంటారు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వాడకూడదు. గొంతు ముందు వైపున, పుండ్ల మీద, కేన్సర్ ఉన్న చోట పెట్టకూడదు.

అత్తగారి మాటలో ప్రేమ ఉంది, కానీ పూర్తిగా కాలు కదపకపోతే టెండన్ ఇంకా బలహీనపడుతుంది. ఉద్యోగం మానక్కర్లేదు. కొన్ని వారాలపాటు రెండు చెప్పుల్లోనూ సెంటీమీటరు ఎత్తు హీల్ ప్యాడ్ పెట్టుకుంటే టెండన్ మీద లాగుడు తగ్గుతుంది. అరిగిపోయిన హవాయి చెప్పులు పక్కన పెట్టేయండి. షాపులో గంటకోసారి ఐదు నిమిషాలు కూర్చోనివ్వమని యజమానిని అడగండి.

ప్యాకేజీ గురించి క్లినిక్‌లో గొడవ పడొద్దు. నాకు బరువు పెంచుకుంటూ పోయే పిక్క వ్యాయామం నేర్పి, రెండు వారాలకోసారి చూసి మార్చగలరా అని అడగండి. అవునంటే ఆ డబ్బుతోనే ఐదారు సార్లు చూపించుకోండి, కాదంటే ఆ పని చేసే ఫిజియోను వెతుక్కోండి.

ఇక కొండ. ఎక్కగలరు. ఎడమ కాలి మీద ఒక్కదాని మీదే, మెల్లగా, నొప్పి రెండు దాటకుండా ఇరవై సార్లు మడమ ఎత్తగలిగిన రోజు నుంచి తయారీ మొదలుపెట్టండి. మొదట రోజు విడిచి రోజు మీ వీధిలో మూడంతస్తుల మెట్లు రెండుసార్లు, తర్వాత వారం వారం కొంచెం పెంచుతూ, కనీసం రెండు నెలలు. ఎక్కే రోజున గాలిగోపురం దాకా ఉన్న మెట్లు తొందరపడకుండా, మధ్యమధ్య కూర్చుంటూ ఎక్కండి. మునివేళ్ళు మాత్రమే మెట్టు మీద ఆనించి ఎక్కితే బరువంతా టెండన్ మీదే పడుతుంది కాబట్టి, పాదం మొత్తం మెట్టు మీద పెట్టి అడుగు వేయండి. పైన మోకాళ్ళ పర్వతం దగ్గర కాళ్ళు అలిసి ఉంటాయి, అక్కడ మరీ జాగ్రత్త. షుగర్ కాళ్ళు కాబట్టి ఆ రాత్రి పాదాలు కడుక్కుని, వేళ్ళ మధ్య పొక్కులేమైనా వచ్చాయేమో లైటు వేసి చూసుకోండి.